గాలానికి పది రోజుల సెలవు

అబ్దుల్ గఫార్ పెళ్ళాం కోసం గాలం మానేశాడని వీధంతా చెప్పుకుంది. అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది గఫారే.

పిడుగురాళ్లలో సున్నం బట్టీల వెనక వీధిలో అతనికి మోటార్లు వైండింగ్ చేసే కొట్టుంది. శుక్రవారం కొట్టుకి సెలవు. జుమ్మా నమాజు కాగానే గాలం కర్ర బండికి కట్టుకుని పాత క్వారీ గుంటకి పోతే, మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు చేరేది. రాయంతా తవ్వుకుపోయి వదిలేసిన ఆ గుంటలో వాననీళ్ళు నిలిచి, ఎప్పుడో ఎవరో వదిలిన చేపపిల్లలు పెరిగి, పిల్లలు పెట్టి, గాలం వేసేవాళ్ళకి అదొక చెరువయింది. ఇరవై రెండేళ్ళుగా గఫార్ ఏ శుక్రవారమూ తప్పలేదు. తన పెళ్ళయిన మొదటి శుక్రవారం కూడా. అలాంటి మనిషి బుధవారం సాయంత్రం టీ కొట్టు ముందు నిలబడి, పది రోజులు గాలం ముట్టనని చెప్పాడు.

టిప్పర్ డ్రైవర్ బెంజిమిన్ గ్లాసు కింద పెట్టాడు. "ఏంది భాయ్, ఒంట్లో బాగాలేదా?"

"నాకేం, దున్నపోతులా ఉన్నా. మీ వదినకి నరసరావుపేటలో వేలు కోశారు. లోపల చీము పట్టిందంట. పది రోజులు నీటిచుక్క తగలగూడదన్నాడు డాక్టరు. నేను చేపలు తెస్తే కడిగేదెవరు? అందుకని మానేశా."

"వదిన కోసం గాలం మానేశావా? నువ్వు?"

"మనిషి కంటే చేప ఎక్కువా?" అన్నాడు గఫార్. ఆ మాట అతనికే నచ్చింది. మర్నాడు కొట్టులో ఇద్దరు గిరాకీలకి చెప్పాడు, మసీదు దగ్గర మరొకరికి చెప్పాడు.

చీము ఎందుకు పట్టిందో మాత్రం ఎవరూ అడగలేదు, ఇతనూ చెప్పలేదు. జెల్లచేపకి రెక్కల దగ్గర రెండు, వీపు మీద ఒకటి ముళ్ళుంటాయి. పట్టినవాడు వాటిని గట్టు మీదే విరిచి ఇంటికి తేవాలి. గాలం ముట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతే అది. గఫార్ విరవడు. విరిస్తే చేప బోసిపోతుంది. మీసాలతో, నిక్కిన రెక్కలతో ఉన్న జెల్లని బండి హ్యాండిలుకి వేలాడదీసుకుని బజారు మధ్యలోంచి తాపీగా రావడమంటే అతనికి సరదా. అలా వచ్చిన జెల్ల ముల్లు కిందటి శుక్రవారం రాత్రి అబిదా కుడిచేతి చూపుడువేలి కణుపులో దిగింది. సున్నం, పసుపు కలిపి పెట్టుకుంది. ఆ ఊళ్ళో ఏది కుట్టినా ఏది గుచ్చుకున్నా ముందు సున్నమే. నాలుగో రోజుకి వేలు వంకాయలా వాచి నల్లబడితే అప్పుడు బస్సెక్కారు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అని వెనకింటి హఫ్సా అననే అంది. గఫార్ లేనప్పుడు అంది.

అబిదాకి ఆ వేలుతో చాలా పనుంది. ఆమె మగ్గం వర్కు చేస్తుంది. ముందుగదిలో నాలుగు కర్రల చట్రానికి బ్లౌజు గుడ్డ బిగించి ఉంటుంది. దాని మీద బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొక్కెం సూది పట్టుకుని పొడుస్తూ లాగుతూ జరీ, పూసలు కుడుతుంది. గుడ్డ కింద ఎడమచెయ్యి దారం అందిస్తుంటుంది. చూపుడువేలు ఎంత వంగాలో అంతే వంగాలి. వెంట్రుకవాసి ఎక్కువైతే గుడ్డ చిరుగుతుంది. ఆమె చేతి మామిడిపిందెలకి గురజాల నుంచి కూడా మనుషులు వస్తారు. ఇప్పుడు చట్రం మీద ఉన్నది ధనుంజయరావు గారి అమ్మాయి ఇంద్రజ పెళ్ళి బ్లౌజు. ఒక చెయ్యి పూర్తయింది. రెండో చేతి మీద పిందెలు సుద్దగీతలుగానే ఉన్నాయి.

బుధవారం సాయంత్రం గఫార్ ఇంటికొచ్చి గాలం కర్రని అటక మీదికి ఎక్కించాడు. పక్కింటి పున్నమ్మ గుమ్మంలో ఉండగా ఎక్కించాడు. అబిదా కట్టుకట్టిన చేతిని గుండెలకి ఆనించుకుని కింద నిలబడి చూసింది.

"దేనికి?" అంది.

"నీ కోసమేనే."

"నేనడిగానా?"

"నువ్వడగవు. నాకు తెలవదా?"

ఆమె కాసేపు అటక వంకే చూసింది. "శుక్రవారం కూడా ఇంట్లోనే ఉంటావా?"

"ఇంట్లోనే. పొద్దుగూకులూ నీ ముందే ఉంటా," అన్నాడు గఫార్. ఆమె మాట్లాడకపోతే సంతోషం పట్టలేక అనుకున్నాడు.

శుక్రవారం నమాజు అయ్యాక అతని కాళ్ళు అలవాటు కొద్దీ బండి దగ్గరికి పోయాయి. అక్కణ్ణించి ఇంటిదారి పట్టాడు. సందు మలుపులో ఉండగానే ఆడవాళ్ళ నవ్వు వినిపించింది. ఎవరింట్లో అనుకున్నాడు. నవ్వేది హఫ్సా ఒక్కతే కాదు, ఇంకో గొంతు పొట్ట పట్టుకుని నవ్వుతున్నట్టు ఎగిరెగిరి పడుతోంది. అది తన పెళ్ళాం గొంతని తెలుసుకోవడానికి అతనికి గుమ్మం దాకా పట్టింది. లోపల అడుగు పెట్టగానే నవ్వు ఆగిపోయింది.

చట్రానికి అటు హఫ్సా, ఇటు వీధి చివరింటి నజీమా కూర్చుని ఉన్నారు. సూదులు వాళ్ళ చేతుల్లో ఉన్నాయి. అబిదా గోడకి చేరగిలబడి, కట్టున్న చేతిని దిండు మీద పెట్టుకుని, ఎడంచేతి వేలితో ఎక్కడ పూస పడాలో చూపిస్తోంది. మధ్యలో పళ్ళెంలో వేయించిన శనగలు, మూడు గ్లాసుల్లో అడుగంటిన టీ. హఫ్సా ముసుగు సర్దుకుంది. నజీమా కాళ్ళు ముడుచుకుంది.

"ఇయ్యాల పోలేదా బావా?" అంది హఫ్సా.

"మానేశాగా. మీ అక్క చెప్పలేదా?"

"చెప్పింది," అంది హఫ్సా, సూది గుచ్చుతూ.

గఫార్ కుర్చీ లాక్కుని చట్రం పక్కనే వేసుకున్నాడు. పని చూశాడు. పూసలు దగ్గర దగ్గరగా పడాలన్నాడు. రాగి తీగ చుట్టేటప్పుడు చుట్టుకీ చుట్టుకీ మధ్య గోరు కూడా పట్టకూడదని, ఇదీ అలాంటిదేనని చెప్పాడు. క్వారీ గుంటలో పదకొండు కిలోల బొచ్చెచేప తగిలిన కథ మళ్ళీ చెప్పాడు. వాళ్ళు తలలూపారు. సూది గుడ్డలో దిగే చప్పుడు వినపడుతోంది.

"టీ పెట్టవే, అందరం తాగుదాం," అన్నాడు.

అబిదా లేచింది. హఫ్సా "నేను పెడతాలే అక్కా" అని తను వెళ్ళింది. టీ తాగాక పావుగంటకి నజీమాకి ఇంట్లో పని గుర్తొచ్చింది. తర్వాత హఫ్సాకీ గుర్తొచ్చింది. నాలుగింటికల్లా ముందుగది ఖాళీ అయింది.

"అప్పుడే పోయారేంది?" అన్నాడు గఫార్.

"రోజూ పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యిందాకా ఉంటారు," అంది అబిదా.

"రోజూ అంటే?"

"శుక్రవారం శుక్రవారం."

ఇరవై రెండేళ్ళలో ఈ సంగతి అతనికి తెలియదు. అదేమంత పెద్ద సంగతిగా కూడా అనిపించలేదు. టీవీ పెట్టుకున్నాడు. అబిదా శనగల పళ్ళెం తీసి, సగంలో ఆగిన పిందె మీద తెల్లగుడ్డ కప్పింది.

ఆదివారం పదింటికి బెంజిమిన్, అతనితోపాటు క్రషర్‌లో పనిచేసే జీవన్ వచ్చారు. బెంజిమిన్ చేతిలో ప్లాస్టిక్ సంచి తడితడిగా వేలాడుతోంది.

"భాయ్ వారం పైనుంచి చేప మొహం చూళ్ళేదు, నా పానం ఆగలా," అన్నాడు. "బొచ్చె. రెండున్నర కిలోలుంది. నేనే పట్టా, పొద్దున్నే. వదినా, నువ్వు లేవబాక. ఏదో కాస్త ఉప్పూకారం వేసి ఇస్తే చాలు, ఇక్కడే తినిపోతాం."

లేవొద్దని చెప్పి ఉప్పూకారం వేసిమ్మంటే ఎలాగో బెంజిమిన్ ఆలోచించలేదు. చెడ్డవాడు కాదు. అతనింట్లోనూ చేపలు వాటంతటవే పొలుసు వదిలి పులుసులోకి దూకుతాయి.

అబిదా భర్త వంక చూసింది. గఫార్‌కి పౌరుషం వచ్చింది. "నువ్వు కూర్చో. నేను కడుగుతా. ఇరవై రెండేళ్ళుగా పడుతున్నోణ్ణి, కడగలేనా?" అన్నాడు, స్నేహితులకి వినపడేలా.

"చూశావా జీవనూ, మొగుడంటే అట్టుండాలి," అన్నాడు బెంజిమిన్.

పెరట్లో కత్తిపీట ముందు కూర్చున్నాక తెలిసింది, తనకి చేప నీళ్ళలోంచి గట్టు మీదికి వచ్చేదాకానే తెలుసని. బూడిద ఎక్కడుంటుందో తెలియదు. తోక పట్టుకుంటే తల జారింది, తల పట్టుకుంటే తోక జారింది. పొలుసు కళ్ళలో పడింది. పొట్ట ఎక్కణ్ణించి కొయ్యాలో తెలియక మధ్యలో బలంగా ఒత్తాడు. లోపల ఏదో చిట్లి, పచ్చటి రసం మాంసమంతా పాకింది.

వెనక నిలబడ్డ అబిదా నిట్టూర్చింది. "చేదుకట్టె పగలగొట్టావు."

"పగిలితే ఏమయ్యిద్ది?"

"చేదు దిగిద్ది. కూర నోట్లో పెట్టుకోలేరు."

"పారేద్దామా?"

"వాళ్ళు తినిపోతామని కూర్చున్నారుగా." ఆమె కట్టు మీద ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, పళ్ళతో పట్టి ముడేసుకుంది. "నువ్వు లేచి లోపలికి పో. చూస్తే నవ్వుతారు."

గఫార్ లేచాడు కానీ వెంటనే పోలేదు. ఆమె కుళాయి తిప్పి, ముక్కల్ని కల్లుప్పుతో, చింతపండుతో రుద్దడం మొదలెట్టింది. ఎడంచెయ్యి ఒక్కదానికి ముక్క లొంగకపోతే కుడిచేత్తో నొక్కిపట్టింది. నాలుగుసార్లు కడిగింది. అయిదోసారికి కవరులోకి నీళ్ళు చేరి, కట్టు నానడం అతనికి కనపడింది. కనపడలేదని తర్వాత అతను ఎన్నిసార్లు అనుకోవాలని చూసినా కుదరలేదు. ఆపమని నోటిదాకా వచ్చింది. లోపల్నుంచి బెంజిమిన్ "ఏం భాయ్, అయ్యిందా?" అని కేకేశాడు. "ఆ, అయ్యింది" అంటూ గఫార్ చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళాడు.

కూర ఎంత కడిగినా కొంచెం చేదు మిగిలింది. జీవన్ రెండు ముద్దలు తిని మజ్జిగ అడిగాడు. బెంజిమిన్ మర్యాదకి ఇంకో ముక్క వేయించుకున్నాడు. "ఎప్పుడూ వదిన చేతి పులుసంటే లొట్టలేస్తాం. ఇయ్యాల ఏందో చేదు తగిలింది," అన్నాడు నెమ్మదిగా.

అబిదా వంటింటి గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఆ క్షణాన గఫార్ ఒక్క మాట అంటే సరిపోయేది. నేను పగలగొట్టానురా అని నవ్వేస్తే వాళ్ళూ నవ్వేవాళ్ళు, అంతటితో పోయేది.

"పాపం, చెయ్యి బాగాలేదుగా," అన్నాడు గఫార్. "తనని ఏమనగాకండి."

పెళ్ళాం తప్పుని అంత గొప్పగా కాసుకున్నందుకు బెంజిమిన్ అతని వీపు తట్టాడు. అబిదా గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి కట్టు మార్పించుకుందామా అని గఫార్ అడిగాడు. బుధవారం ఎలాగూ పోవాలిగా అంది.

బుధవారం నరసరావుపేటలో ఆస్పత్రి వరండాలో రెండు గంటలు కూర్చున్నాక పిలిచారు. నర్సు కట్టు విప్పుతుంటే చివరి చుట్టు దగ్గర గుడ్డ కండకి అంటుకుపోయింది. వాసన గదంతా వచ్చింది. డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"నీళ్ళు తగిలాయా?"

"లేదు సార్," అన్నాడు గఫార్, అబిదా నోరు తెరవకముందే. "చానా జాగ్రత్తగా చూసుకుంటున్నా. ఈమె కోసం చేపలు పట్టడం కూడా మానేశా సార్."

"తగిలినయ్యి సార్," అంది అబిదా. "చేపలు కడిగా."

డాక్టరు కళ్ళజోడు తీశాడు. "అంత చెప్పి పంపితే చేపలు కడుగుతావా? చదువు లేకపోతే పోయింది, బుద్ధయినా ఉండొద్దా? మీ ఆయన పాపం నీ కోసం అన్నీ మానుకుని తిరుగుతుంటే నాలుగు రోజులు నోరు కట్టుకోలేకపోయావా?"

అబిదా గఫార్ వైపు తిరిగింది. కోపంగా చూడలేదు. చెప్పు, అన్నట్టు చూసింది. చెప్పడానికి కావలసినంత సేపు చూసింది. గోడకి మందుల కంపెనీ క్యాలెండర్ వేలాడుతోంది. గఫార్ దాని వంక చూశాడు. నర్సుంది, డాక్టరున్నాడు, తలుపు దగ్గర ఇంకో ఇద్దరు రోగులున్నారు. ఇంతమందిలో ఇప్పుడు చెబితే తను ఇంతకుముందు అన్న మాటేమవుతుంది? క్యాలెండర్‌లో తారీఖులు చదువుతూ ఉండిపోయాడు.

ఆమె తల డాక్టరు వైపు తిప్పుకుంది. ఇక అతన్ని చూడలేదు.

"మళ్ళీ ఓపెన్ చెయ్యాలి," అన్నాడు డాక్టరు. "లోపల వేలు వంచే నరం దెబ్బతింది. వేలు ఉంటుంది. కాని ఇక వంగదు."

"సూది పట్టుకోవచ్చా సార్?"

"సూదేంటమ్మా?"

"మగ్గం సూది."

"అలాంటి సన్నపనులు కుదరవు. వంట చేసుకోవచ్చు, గిన్నెలు తోముకోవచ్చు. ఇంటిపనికేం ఇబ్బంది ఉండదు," అన్నాడు డాక్టరు, ధైర్యం చెబుతున్నట్టు.

కాగితం మీద రోగి తరఫువాళ్ళ సంతకం కావాలన్నారు. గఫార్ పెట్టాడు. వేలు మళ్ళీ కోసి, కొత్త కట్టు కట్టి సాయంత్రానికి పంపేశారు. తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. సగం దారి దాటాక అతను మంచినీళ్ళ సీసా అందించాడు. తీసుకుని తాగింది. మూత ఒంటిచేత్తో బిగించలేక తిరిగి ఇచ్చింది.

శుక్రవారం పొద్దున్నే హఫ్సా, నజీమా వచ్చి మగ్గం చట్రం విప్పారు. ఇంద్రజ పెళ్ళి దగ్గరపడింది, బ్లౌజు హఫ్సా పూర్తి చెయ్యాలి. అబిదా పక్కనే కూర్చుని ఏ పిందెకి ఏ రంగు పూసో చెప్పింది. పూసల డబ్బాలు ఒక్కొక్కటి మూత తీసి చూపించి అప్పగించింది. సూదుల పెట్టె చివర్న ఇచ్చింది. హఫ్సా ఏడుస్తుంటే "ఏడిస్తే గుడ్డ మీద మరక పడిద్ది" అని కసిరింది. చట్రం పోయాక ముందుగదిలో నేల మీద దాని కాళ్ళు ఆనిన చోట నాలుగు గుంటలు కనపడ్డాయి.

గఫార్ కొట్టులో మెషిన్ ముందు కూర్చుంటే తీగ చుట్టలేకపోయాడు. లెక్క తప్పింది. చుట్టినదంతా విప్పాడు. అసలు శుక్రవారం కొట్టు ఎందుకు తీశావని ఎవరో అడిగితే షట్టరు దించేశాడు. జుమ్మా అయ్యాక ఇంటికొచ్చి అటక కింద స్టూలు వేశాడు.

"కర్ర ఇరిచి పొయ్యిలో పెట్టేస్తా అబిదా. జన్మలో ఇక గాలం ముట్టను. అల్లా మీద—"

"ఒట్లు పెట్టబాక," అంది ఆమె. "కర్ర దించుకుని పో."

"ఎక్కడికి?"

"గుంటకి."

"కోపంతో అంటున్నావు."

"కోపం ఉందిలే. అది కాదు ఇప్పుడు." అబిదా మంచం అంచున కూర్చుంది. "ఇరవై రెండేళ్ళ నుంచి వారానికి ఒక్క పూట ఈ ఇల్లు నాది. నువ్వు పోయిన కాడి నుంచి వచ్చిందాకా. ఆ ఒక్కపూట కోసం రాత్రిళ్ళు నీ చేపలు కడిగా. పోనీలే, దానికి ఇది సరి అనుకున్నా. వేలు పోయింది, మగ్గం పోయింది. ఇప్పుడు నువ్వు గాలం మానేసి ఇంట్లో కూర్చుంటే ఇక నాకు మిగిలిందేంది?"

గఫార్ స్టూలు మీద నిలబడే విన్నాడు.

"పో. పట్టుకో. మళ్ళీ నీళ్ళలో వదిలెయ్, లేకపోతే ఎవరికన్నా ఇయ్యి. ఒక్క చేప కూడా ఈ గడప దాటి లోపలికి రాగూడదు. మగ్రిబ్ అయ్యిందాకా నువ్వూ రాగూడదు."

అతను కర్ర దించుకున్నాడు.

క్వారీ గుంట దగ్గర ఎండ రాళ్ళ మీద పడి తెల్లగా కొడుతోంది. గఫార్ ఎర గుచ్చి గాలం విసిరాడు. అరగంటకి జెల్ల పడింది. ముల్లు తగలకుండా పట్టుకుని కొక్కెం తీసి నీళ్ళలో వదిలేశాడు. ఫోను చూశాడు. మూడూ పది. అతనికి ఆ గట్టు మీద పొద్దు ఎలా పోయిందో ఎన్నడూ తెలిసేది కాదు. ఇప్పుడు పోవడం లేదు. కొట్టులో పని కూడా ఇంత బరువుగా ఎప్పుడూ లేదు.

నాలుగింటప్పుడు బెంజిమిన్ టిప్పర్ బాట మీద ఆపి దిగి వచ్చాడు.

"సెలవు అయిపోయిందా భాయ్? వదినకెట్టుంది?"

"వేలు వంగదంట."

"అయ్యో." బెంజిమిన్ పక్కన కూర్చున్నాడు. "నీళ్ళలో పెట్టిందంటగా. హాస్పిటల్లో డాక్టరు తిట్టాడని అక్కడున్న మనూరోళ్ళు జీవన్‌తో అన్నారంట. ఆడోళ్ళు మాటినరు భాయ్. నువ్వు అంత చేసినా—"

"ఒరేయ్ బెంజిమినూ," అన్నాడు గఫార్. "ఆ రోజు చేదుకట్టె పగలగొట్టింది నేనురా. చేప కడగడం నాకు రాదు. నేను పాడుచేస్తే అది కడిగింది. కట్టు నానడం చూసి కూడా లోపలికొచ్చా. డాక్టరు తిడతంటే నోరుమూసుకుని కూర్చున్నా. అసలు ముల్లు దిగింది కూడా నా వల్లే. నేను ఇరవకుండా తెచ్చా."

ఒక్కసారిగా అంతా చెప్పేశాడు. తిడతాడని ఎదురు చూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

బెంజిమిన్ కళ్ళు చెమ్మగిల్లాయి. "నీయంత మొగుణ్ణి నేను చూళ్ళేదు భాయ్," అన్నాడు. "వదినని నలుగురూ ఏమనకుండా మొత్తం నీ నెత్తినేసుకుంటున్నావు చూడు."

"కాదురా. నిజం చెబుతున్నా."

"నిజమేలే, నాకు తెలవదా నీ సంగతి," అంటూ భుజం నొక్కి లేచాడు. "ఈ కాలంలో ఎవరుంటారు ఇట్టా. మా ఇంట్లోదానికి చెప్పాలి."

టిప్పర్ దుమ్ము లేపుకుంటూ ఊరి వైపు పోయింది. దారిలో టీ కొట్టు దగ్గర ఆగుతుంది. అక్కడ నలుగురుంటారు. వాళ్ళ ఇళ్ళన్నీ గఫార్ వీధిలోనే. తను ఇల్లు చేరేలోపు ఈ మాట పున్నమ్మ చెవిన పడుతుంది, ఆమె గోడ మీదుగా అబిదాతో ఎంత అదృష్టవంతురాలివే తల్లీ అంటుంది. ముందుగా పోయి అబిదాకి తనే చెప్పాలని గఫార్ గబుక్కున లేచి నిలబడ్డాడు. కర్ర చుట్టాడు. బండి దాకా నడిచాడు.

మగ్రిబ్‌కి ఇంకా రెండున్నర గంటలుంది. ఇంటికి పోవడానికి లేదు. మళ్ళీ గట్టు మీదికి వచ్చి కూర్చున్నాడు.